మూడో నంబరు ఎగరకముందే పెరటి పనులు

విశాఖలో శరత్కాలపు తోటపనికి పంచాంగం ఒక్కటే చాలదు. దసరా నుంచి కార్తీకం ముగిసేదాకా పోర్టులో ఎగిరే తుపాను హెచ్చరిక నంబర్లను కూడా గమనించుకుంటూ విత్తాలి. నైరుతి వెనక్కి మళ్ళేదీ, ఈశాన్యపు వానలు మొదలయ్యేదీ, బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టేదీ ఈ రోజుల్లోనే. ఈ ఊళ్ళో బాగా వానపడే నెలల్లో అక్టోబరు ఒకటి. 2014లో హుద్‌హుద్ తీరం దాటింది అక్టోబరు 12న, గంటకు 180 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉన్న గాలితో, నేరుగా ఈ ఊరి మీదికే. 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర ఒడ్డెక్కి ఉద్దానం కొబ్బరిని నేలకూల్చింది. శీతాకాలపు కూరగాయలకు నారు పోసుకునే అదను, తుపాను అదను మనకు ఒకటే.

కాబట్టి ఇక్కడి పెరటి తోట ఒక్క కట్టుబాటు మీద నడవాలని నా గట్టి నమ్మకం. ఏ విత్తనాన్నీ ఒకేసారి మొత్తం చల్లెయ్యకూడదు. దసరా అయ్యాక కొంత, దీపావళి దాటాక కొంత, కార్తీక పౌర్ణమి నాటికి మిగతాది. మొదటి దఫా వానకు కొట్టుకుపోయినా రెండో దఫాకు విత్తనం సీసాలో ఉండాలి. ఉత్తరాది క్యాలెండర్లు చూసి, విత్తనాల పొట్లం వెనక అచ్చువేసిన నెల చూసి అంతా సెప్టెంబరులోనే దింపేసేవాళ్ళు ఏటా కనబడతారు. వాళ్ళ కష్టం మురుగుకాలువలో కలిసిపోవడం చూస్తే మనసు ఉసూరుమంటుంది.

మొదటి పని ఖాళీ చేయడం. మహాలయ పక్షాలు ముగిసేసరికి తొలకరిలో పెట్టిన బెండ ముదిరిపోతుంది. బీరపాదు కింది ఆకులు పండుబారతాయి. పొట్లపిందెలు పండు ఈగ కుట్టి వంకర్లు తిరుగుతాయి. ఇంకో వారం, ఇంకో నాలుగు కాయలు అంటూ వీటిని ఉంచుకోవద్దు. ఈనెలు పసుపెక్కిన బెండ మీద తెల్లదోమ మకాం పెడుతుంది. రేపు పెట్టబోయే టమాటాకు ఆకుముడత మోసుకొచ్చేదీ ఆ తెల్లదోమే. మొక్క పీకినప్పుడు వేళ్ళు తిప్పి చూడండి. వేళ్ళ పొడుగునా బుడిపెలు కనిపిస్తే నేలలో నులిపురుగులు ఉన్నట్టే. అలాంటి వేళ్ళను కంపోస్టు గుంతలో వేయకండి. ఆ చోట ఈసారి వంగ, టమాటా మానేసి బంతి పెట్టండి. బంతి వేళ్ళ నుంచి ఊరే పదార్థాలు నులిపురుగుల్ని అణుస్తాయి, సంక్రాంతికి ఇంటి పూలే గుమ్మానికెక్కుతాయి.

ఖాళీ చేసే ఊపులో ఎక్కువగా బలయ్యేది చిక్కుడు. శ్రావణం నుంచి పందిరంతా పాకి, ఆకు తప్ప పువ్వు చూపించని పాదును చూసి, ఇది గొడ్డుదని మొదలంటా నరికేసేవాళ్ళున్నారు. దయచేసి ఆగండి. మన నాటు చిక్కుడు పొద్దు కురచయ్యేదాకా పూయదు. పగలు తగ్గి రాత్రి పెరిగే ఆశ్వయుజం చివర్లో మొగ్గ తొడుగుతుంది, కార్తీకం నుంచి మాఘం దాకా కాస్తూనే ఉంటుంది. ఇప్పుడు దానికి చేయవలసిందల్లా మరీ గుబురైన చోట నాలుగు తీగలు తీసి గాలి ఆడనివ్వడం, నత్రజని ఎక్కువుండే ఎరువులు ఆపేయడం. ఆకు మీద మోజు తగ్గితే పువ్వు వస్తుంది.

బీర, ఆనప పాదుల్ని తీసేముందు ఒక్కో మంచి కాయను విత్తనానికి వదలండి. కాయ పాదు మీదే ఎండాలి. ఈ వానల్లో అది ఎండకుండా బూజు పడుతుంది గనక, తొక్క గట్టిపడి రంగు మారగానే తొడిమతో కోసి వంటింట్లోనో వసారాలోనో వేలాడదీయండి. ఊపితే గలగలమన్నాక గింజలు తీసి బూడిద కలిపి సీసాలో పోయాలి.

ఇక మట్టి. ఊరంతా ఒకే నేల కాదు. ఉక్కునగరం క్వార్టర్ల పెరళ్ళలోనూ సింహాచలం కొండల చుట్టుపక్కలా ఉన్నది ఎర్రనేల. నీళ్ళు త్వరగా ఇంకుతాయి, వానాకాలం అయ్యేసరికి సారం కిందికి దిగిపోయి పైపొర గట్టిపడుతుంది. కొత్త లేఅవుట్లలో అసలు నేల రెండడుగుల కింద ఉంటుంది, పైన ఉండేది సిమెంటు పెళ్ళలూ ఇసుకా కలిసిన పూడ్పు. అక్కడ సున్నం పాలు ఎక్కువై మొక్క లేతాకులు తెల్లబారుతుంటే ఎరువు లోపమని గుప్పించడం శుద్ధ దండగ. పెళ్ళలన్నీ ఏరి, మాగిన ఎరువు దండిగా కలిపి, ఎత్తుమడి కట్టుకోవడమే దారి. సందేహం ఉన్నవాళ్ళు మట్టి పరీక్ష చేయించుకోవడం మంచిది. 1913లో చెరకు కోసం మొదలైన అనకాపల్లి వ్యవసాయ పరిశోధన స్థానం మనకు దగ్గర్లోనే ఉంది. ఏ నేలకు ఏ పైరు నప్పుతుందో అక్కడివాళ్ళను అడిగి తెలుసుకోవచ్చు.

రెండు చోట్ల నుంచి మాత్రం మట్టి తేవద్దు. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్ళుగా పేరుకున్నవి, భూవారసత్వ సంపదగా గుర్తింపు పొందినవి. మన కుండీల కోసం అక్కడ పార పెట్టడం పాపం. రెండోది సముద్రపు ఇసుక. కడిగితే ఉప్పు పోతుందిలే అనుకుని నారుమడిలో కలిపితే మొలక అంగుళం ఎత్తుకే మాడిపోతుంది.

తడి మట్టిని తవ్వకండి. గుప్పెడు తీసి పిసికి, వేలితో తడితే ముద్ద విరిగి పొడి కావాలి. ముద్ద ముద్దగానే ఉంటే ఇంకో రెండ్రోజులు ఆరనివ్వాలి. అదను చూసి జానెడు లోతున తిరగేసి, చదరపు మీటరుకు రెండు మూడు కిలోల మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలపండి. మాగిన అనే మాట మీద పట్టుబట్టక తప్పదు. పచ్చిపేడ కుప్ప పోసి పెరట్లో వదిలేస్తే అందులో బొటనవేలంత తెల్లటి పురుగులు పెరుగుతాయి. అవి కొబ్బరి మొవ్వు తొలిచే కొమ్ముపురుగు పిల్లలు. ఇంటికో కొబ్బరిచెట్టున్న ఈ ఊళ్ళో ఆ కుప్ప వీధి మొత్తానికి చేటు. కుప్ప తిరగేసినప్పుడు అవి కనిపిస్తే ఏరి పారేయండి, కోళ్ళున్న ఇంట ఆ పని అవే చేస్తాయి.

మేడ మీద తోట ఉన్నవాళ్ళకు ఇంకో లెక్క ఉంది. తడిసిన మట్టి ఘనపుటడుగుకు 40 కిలోల పైనే తూగుతుంది. అందుకే టబ్బుల్ని శ్లాబు నడుమ కాకుండా దూలాల మీదా గోడల వెంబడీ పెట్టాలి, మట్టిలో మూడోవంతు కొబ్బరిపొట్టు కలపాలి. బీచ్ రోడ్డులో తాగి పడేసిన బొండాలు ముక్కలు కొట్టి టబ్బు అడుగున పరిస్తే నీరు నిలవదు, తేమ పోదు. ఇప్పుడు ప్రతి టబ్బునూ పక్కకి ఒరిగించి అడుగు చిల్లులు చూసుకోండి. వానాకాలమంతా పెరిగిన వేళ్ళు ఆ చిల్లుల్ని మూసేసి ఉంటాయి, ఇనుప ఊచతో పొడిచి తెరవాలి. తొట్ల కింది పళ్ళాల్లో వాననీరు వారం నిలిస్తే డెంగీ దోమ తయారవుతుంది. వారానికొక రోజు అన్నీ బోర్లించాలి. అది తోటపనిలో భాగమే.

పాతనగరం, జ్ఞానాపురం వైపు మేడల మీద నల్లటి ధూళి పడుతుందని ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఆ వైపు ఉండేవాళ్ళు తోట మానుకోనక్కర్లేదు గానీ, ఏం పెట్టాలో ఎంచుకోవాలి. అలాంటి ధూళిలో లోహాల మలినాలు ఉంటే వాటిని ఎక్కువగా పట్టుకునేవి ఆకుకూరలు, దుంపలు. కాయల్లోకి చేరేది తక్కువ. కాబట్టి అక్కడ ఆనప, బీర, చిక్కుడు, వంగలకు పెద్దపీట వేసి, తోటకూర, పాలకూరల్ని కొత్త మట్టితో, గాలి మరుగున పెంచుకోవాలి. ధూళి పట్టిన ఆకు మీద తెల్లవారుజామున నీళ్ళు చిమ్మితే మొక్కకు ఊపిరాడుతుంది. కోసింది రెండు మూడు నీళ్ళలో కడగాలి.

మట్టి ఆరేలోపు పోషకాలు తయారుచేసుకోవచ్చు. జీవామృతం పెరటికి సరిపడా కావాలంటే ఇరవై లీటర్ల నీళ్ళలో కిలో ఆవుపేడ, లీటరు మూత్రం, పావుకిలోకు కొంచెం తక్కువ బెల్లం, అంతే శనగపిండి, చెట్టు కింది మట్టి గుప్పెడు. నీడలో ఉంచి పొద్దునా సాయంత్రం కర్రతో ఒకే వైపు తిప్పితే మూడో రోజుకు సిద్ధం, వారంలోపు వాడేయాలి. కానీ ఈ ఊరికి సిసలైన ఎరువు చేపల ఎరువు. ఫిషింగ్ హార్బర్‌లో గానీ వీధి మార్కెట్లో గానీ చేపలు కోసేవాళ్ళ దగ్గర తలలు, పేగులు, మొప్పలు అడిగితే ఇస్తారు. కిలో వ్యర్థానికి కిలో అనకాపల్లి బెల్లం. రంగు తేలిన బెల్లం కాదు, నల్లబెల్లం. చవకా, మేలూ. చేపముక్కా బెల్లంపొడీ పొరలు పొరలుగా ప్లాస్టిక్ డబ్బాలో వేసి, పైన బెల్లమే పొరగా కప్పి, మూత వదులుగా పెట్టాలి.

ఈ డబ్బా దగ్గరే ఇళ్ళలో రభసలు జరుగుతాయి. మూత బిగిస్తే లోపల గాలి పుట్టి డబ్బా ఉబ్బి పేలుతుంది, ఆ వాసన వారం దాకా వదలదు. మూత లేకపోతే ఈగలు గుడ్లు పెట్టి పురుగు పడుతుంది. డబ్బా నేల మీద ఉంటే పిల్లులు దొర్లిస్తాయి. దళసరి గుడ్డ కట్టి, దాని మీద మూత ఆనించి, ఎత్తున నీడలో పెట్టండి. బెల్లం తక్కువేసినా కుళ్ళు వాసన వస్తుంది, అప్పుడు ఇంకొంత కలిపితే సర్దుకుంటుంది. మూడు నాలుగు వారాలకు ముక్కలు కరిగి తేనెరంగు ద్రవం తేలుతుంది. వడగట్టి లీటరు నీటికి మూడు నాలుగు మిల్లీలీటర్లు, అంతకు మించొద్దు. చిక్కగా పోస్తే ఆకులు మాడతాయి. పూత పట్టిన చిక్కుడుకూ కాపుకొచ్చిన వంగకూ దీనికి సాటి వచ్చేది నాకు తెలిసి లేదు.

ఇప్పుడు నారు. టమాటా, వంగ, మిరప, కాలీఫ్లవర్, క్యాబేజీలకు నారు నేల మీద పోయకండి. ట్రేల్లో పోయండి, పాత ఐస్‌క్రీమ్ డబ్బాలైనా సరే. కారణం ఒక్కటే, ట్రే అయితే గాలివాన వచ్చినప్పుడు ఇంట్లోకి తీసుకుపోవచ్చు. నేల మీద నారుమడి పోసినవాడికి తుపాను రాత్రి చేయగలిగిందేమీ ఉండదు. మాగిన వర్మీ కంపోస్టు, కొబ్బరిపొట్టు సమంగా కలిపి, అందులో చెంచాడు ట్రైకోడెర్మా పొడి వేసి, గింజను దాని మందం లోతులో పెడితే చాలు. మొలిచిన నారు మొదట్లో నొక్కుపడి ఒక్క రాత్రిలో పడిపోతుందే, అది నారుకుళ్ళు తెగులు. తేమ ఎక్కువైన ఆశ్వయుజంలో దీని బెడద మిక్కిలి. ఒత్తుగా చల్లడం, సాయంత్రం నీళ్ళు పోయడం ఈ రెండూ మానితే సగం తగ్గిపోతుంది. పొద్దున్నే, పైన కాకుండా ట్రే అడుగున పళ్ళెంలో నీళ్ళు పెట్టండి. తోటకూర గింజల్ని చీమలు మోసుకుపోతుంటే, గుప్పెడు బియ్యపు నూక కొంచెం దూరంగా వేస్తే అటు మళ్ళుతాయి.

కాలీఫ్లవర్ విషయంలో రకం తేడా వస్తే శ్రమంతా వృథా. మన తీరం అరకు కాదు, లంబసింగి అంతకంటే కాదు. ఇక్కడ కార్తీకం రాత్రులు కూడా ఉక్కగానే ఉంటాయి. వేడిని ఓర్చుకునే ముందస్తు రకాలే పువ్వు పడతాయి, పూసా దీపాళి అలాంటిది. ముల్లంగిలో పూసా చేత్కి వేడికి తట్టుకుంటుంది. చలి రకం తెచ్చుకుని ఆకులే చూసి ఉసూరుమనే కన్నా, విత్తనం కొట్లో రకం పేరు అడిగి కొనండి, చెప్పకపోతే ఇంకో కొట్టు చూసుకోండి.

ఈలోపు వార్తల్లో వాయుగుండం మాట వినిపిస్తుంది. మన రేవుల్లో హెచ్చరికలు ఒకటి నుంచి పదకొండు దాకా. ఒకటి, రెండు అంటే సముద్రంలో దూరాన ఉన్నదని. మూడు, నాలుగు అంటే రేవుకే ఈదురుగాలి తాకవచ్చని. అయిదు నుంచి ఏడు ప్రమాదం, ఎనిమిది నుంచి పది మహా ప్రమాదం, పదకొండు సమాచార సంబంధాలు తెగినట్టు. ఓడలవాళ్ళ కోసం పెట్టిన ఈ అంకెల్ని పెరటివాళ్ళు కూడా పాటించాలని నా మనవి. ఒకటో నంబరు విన్నప్పుడు కొత్తగా ఏమీ విత్తవద్దు, ఎరువు వేయవద్దు, ముదిరిన కాయలన్నీ కోసేయండి. మూడో నంబరు ఎగరకముందే మిగతా పనులు తేలిపోవాలి. ట్రేలు వసారాలోకి, వేలాడే కుండీలు నేల మీదికి. ఆకుపచ్చ నీడవల విప్పేయండి. అది గాలికి తెరచాపలా ఉబ్బి, కట్టిన ఇనుప గొట్టాలతో సహా ఎగిరి పక్కింటి కిటికీ మీద పడుతుంది. చిన్న టబ్బుల్ని పిట్టగోడ మీంచి దింపి, గోడ మూలన ఒకదానికొకటి ఆనించండి. పందిరి మీద తీగల భారం మూడోవంతు కోసి తగ్గించండి. గెల వేసిన అరటికి రెండు వెదుళ్ళు కత్తెరగా నిలబెట్టండి. మునగను ఛాతీ ఎత్తుకు నరికేయండి. మునగ కొమ్మ గాలికి నిలిచేది కాదు, నరికితే మాఘానికి మళ్ళీ గుబురుగా వస్తుంది. అయిదో నంబరు దాటాక మేడ ఎక్కవద్దు. ఏ మొక్కా అంత విలువైనది కాదు.

గాలి తగ్గిన తెల్లారి చేయవలసినవి కొన్ని గంటల్లోనే చేయాలి. లాసన్స్‌బే, పెదవాల్తేరు, సాగర్‌నగర్ లాంటి సముద్రపు ఒడ్డు ఇళ్ళలో ఆకుల మీద ఉప్పు తుంపర పేరుకుని ఉంటుంది. మంచినీటితో కడగకపోతే మర్నాటికి అంచుల నుంచి మాడుతుంది. హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు ఆడలేదు. కాబట్టి తుపానుకు ముందే రెండు డ్రమ్ములు నింపి పెట్టుకోవాలి. ఒరిగిన వంగ, మిరపల్ని ఆ రోజే లేపి, మొదట మట్టి ఎగదోసి, కర్ర కట్టాలి. రెండ్రోజులు ఆగితే కాండం ఆ వంకరలోనే గట్టిపడుతుంది. నిలిచిన నీటికి పిల్లకాలువ తీయండి. బొప్పాయి మొదట్లో ఒక పూట నీరు నిలిచినా కుళ్ళు మొదలవుతుంది. తడి మడిలో కాలు పెట్టి తొక్కకండి, వాడిన మొక్కకు వెంటనే ఎరువు పోయకండి. నాలుగు రోజులాగి సూడోమోనాస్ నీళ్ళు మొదళ్ళలో పోస్తే వేరుకుళ్ళు అదుపులో ఉంటుంది. వీధిలో కూలిన చెట్ల ఆకుల్ని చెత్తబండికి ఇవ్వకండి. తుపాను మనకు మిగిల్చే మేలు అదొక్కటే, గోనెసంచుల్లో కుక్కి తడిపి ఉంచితే వచ్చే ఏటికి ఆకు ఎరువు.

వానలు తగ్గాక నత్తలు బయల్దేరతాయి. పిడికెడు గుల్లతో తిరిగే ఆఫ్రికా నత్త ఒక రాత్రిలో ట్రే నిండా ఉన్న నారు మేసేయగలదు. పొద్దుగూకాక టార్చి వేసి ఏరాలి, చేతికి కవరు తొడుక్కుని. వాటి జిగురులో మనిషికి హాని చేసే పరాన్నజీవి ఉండవచ్చు, పిల్లల్ని పంపకండి. ఏరినవి ఉప్పునీళ్ళ బకెట్‌లో వేయాలి. ఉప్పును మాత్రం నేల మీద చల్లకూడదు, అది మట్టినే చంపుతుంది. తడి గోనెపట్టా, దాని కింద బొప్పాయి తొక్కలు పెడితే తెల్లారేసరికి అన్నీ అక్కడే చేరతాయి.

మబ్బు పట్టిన రోజుల్లో చిక్కుడు పూతకు పేనుబంక కమ్ముతుంది. గొట్టంతో నీళ్ళు గట్టిగా చిమ్మితే చాలామటుకు రాలిపోతుంది. మిగిలినదానికి లీటరు నీటిలో అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పిచికారీ. చల్లేముందు తీగను దగ్గరగా చూడండి. నల్లగా, ముళ్ళతో, నారింజరంగు మచ్చలతో పాకే చిన్న పురుగులు కనిపిస్తే అవి అక్షింతల పురుగు పిల్లలు, పేనుబంకను తిని బతికేవి. వాటిని చీడ అనుకుని నలిపేయడం తోటల్లో నిత్యం జరిగే అన్యాయం. అవి ఉన్న తీగను వదిలేయండి. వంగ ఆకును జల్లెడ చేసే మచ్చల పెంకుపురుగు వేరు, అది ఆకు పచ్చదనాన్ని గీకి తింటుంది, దాన్ని ఏరేయొచ్చు. వంగ కొసలు వాడి తలవాలిస్తే లోపల తొలుచు పురుగు ఉన్నట్టు. అంగుళం కిందికి తుంచి కాల్చేయాలి, అక్కడే పారేస్తే పురుగు మళ్ళీ ఎక్కుతుంది. ఉడుతలు, కోతుల సంగతికి వల తప్ప మార్గం లేదు.

నాగుల చవితి దాటాక ఆకాశం తెరిపిస్తే నాట్లు. నాలుగు వారాల టమాటా, కాలీఫ్లవర్ నారు ఎండ వాలాక నాటి, మూడు రోజులు కొబ్బరిమట్ట నీడ ఇవ్వండి. కార్తీకపు మధ్యాహ్నం ఎండ తక్కువది కాదు. వయసు మించిన కాలీఫ్లవర్ నారు నాటితే రూపాయి బిళ్ళంత పువ్వు పెట్టి ఆగిపోతుంది, అలాంటిదాన్ని వదిలేసి రెండో దఫా నారు వాడుకోవడమే మేలు. క్యారట్, బీట్‌రూట్, ముల్లంగి నేరుగా మడిలోనే. నారు పీకి నాటితే దుంప చీలుతుంది. ధనియాలు చెప్పుకింద నలిపి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి, రెండు వారాలకొక గజం చొప్పున చల్లుతూ పోండి. పది రోజులదాకా మొలక కనబడకపోయినా మడి తవ్వి చూడవద్దు. మార్గశిరంలో కాలీఫ్లవర్ పువ్వు గుడ్డు సైజుకు రాగానే దాని ఆకుల్నే పైకి మడిచి అరటినారతో వదులుగా కట్టండి, ఎండ తగిలితే పసుపెక్కుతుంది. రెండ్రోజులకోసారి విప్పి లోపల తేమ, పురుగు చూసుకుని మళ్ళీ కట్టాలి. పువ్వు బిగువు సడలకముందే కోసేయాలి.